ఆరు నెలల విరామం తరవాత గోల్ఫ్: తగ్గింది ఆటా, అంకా?

అక్టోబరులో వానలు తెరిపిచ్చి పొద్దుటి గాలిలో చల్లదనం తగలగానే, హైదరాబాదులో గోల్ఫ్ ఆడేవారికి మూల పెట్టిన బ్యాగు గుర్తుకొస్తుంది. గోల్కొండ కోట నయా ఖిల్లా లోపలి మైదానంలోనూ, గచ్చిబౌలి బండరాళ్ల నడుమ పరుచుకున్న బౌల్డర్ హిల్స్‌లోనూ ఏప్రిల్ తరవాత మళ్లీ కనపడని ముఖాలు ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి. వచ్చినవారు మొదటి రౌండు ముగించి కార్డు చూసుకుని వేసే ప్రశ్నలు దాదాపు ప్రతి ఏటా రెండే. మొదటిది, ఆట పోయిందా అన్నది. రెండోది కాస్త నెమ్మదిగా అడిగేది: ఆర్నెల్లుగా ముట్టుకోని నా హ్యాండిక్యాప్ ఇంకా నిజమేనా? హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే ఆట అంత మంచిది.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు వేరు. కానీ కార్డు మీద కనపడేది ఒకే అంకె కాబట్టి రెండూ కలగాపులగమైపోతాయి. శరీరంలో తగ్గినది, చేతి అంచనాలో చెడినది, మైదానం మారడం వల్ల పోయినది, అసలు ఎప్పుడూ లేనిదాన్ని ఉందనుకోవడం వల్ల పోయినట్టు తోచేది, ఈ నాలుగూ ఆ ఒక్క అంకెలోనే ఇమిడి ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో తగ్గుతుంది, ఒక్కో వేగంతో తిరిగి వస్తుంది. వాటిని విడదీసి చూడడానికే ఈ వ్యాసం.

మంచు దేశాల శీతకాలం, మన ఎండా వానా

విరామం తరవాతి గోల్ఫ్ గురించి ఇంగ్లీషులో రాసినదంతా చాలావరకు శీతకాలాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినదే. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో నవంబరుకల్లా గడ్డి ఎదుగుదల ఆగిపోతుంది. గడ్డకట్టిన మంచు పట్టిన గ్రీన్ (బంతిని పడేయాల్సిన గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద అడుగు వేస్తే గడ్డి కణాలు చిట్లి, రెండు రోజుల తరవాత ఆ పాదముద్రలే గోధుమరంగు మచ్చలుగా తేలతాయి. అందుకే అక్కడ మైదానాలే మూసేస్తారు. హైదరాబాదులో లెక్క సరిగ్గా తలకిందులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ గోల్ఫ్‌కు అంతకంటే మంచి కాలం లేదు. మైదానాలు ఏడాది పొడుగునా తెరిచే ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి నలభై డిగ్రీలు దాటినప్పుడు, ఆపైన జూన్ రెండో వారం నుంచి నైరుతి వానలు పట్టినప్పుడు, తెల్లవారకముందే లేచి వచ్చే పట్టుదల గలవారు తప్ప మిగిలినవారు ఆట మానేస్తారు.

ఈ తేడాను పోల్చి చూడడానికి ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు మణికొండలో ఉంటూ మాదాపూర్‌లో ఉద్యోగం చేసే యాభై రెండేళ్ల మామయ్య. ఏప్రిల్ రెండో వారంలో ఆపి, అక్టోబరు మొదటి వారంలో తిరిగి మొదలుపెట్టారు. రెండోవాడు మిషిగన్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడు. అతని ఆట అక్టోబరు ఆఖరుకు ఆగి, మళ్లీ ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. మామయ్య బ్యాగు తెరిచేసరికి మేనల్లుడు మూసేస్తున్నాడు. డిసెంబరులో సెలవులకు వచ్చి అతను మామయ్యతో గోల్కొండలో ఆడితే, ఒకరు విరామం నుంచి బయటికి వస్తూ, మరొకరు విరామంలోకి వెళుతూ మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట, కలుసుకుంటారు.

ఈ తిరగమరగ ఆట మాటల్లోకీ వచ్చింది. నేల తడిగా, చిత్తడిగా ఉన్నప్పుడు ఫెయిర్‌వేలో (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి బాటలో) పడ్డ బంతిని ఎత్తి, తుడిచి, దగ్గరలోనే పెట్టుకుని ఆడనిచ్చే స్థానిక నిబంధనకు అధికారిక పేరు ప్రిఫర్డ్ లైస్ అయినా, వాడుకలో దాన్ని వింటర్ రూల్స్ అంటారు. హైదరాబాదులో ఆ నిబంధన అవసరపడేది శీతకాలంలో కాదు, ఆగస్టు, సెప్టెంబరుల్లో.

అంకె వెనక ఉన్న మాటలు

విరామం తరవాత ఎంత తగ్గిందో కొలవాలంటే విరామానికి ముందు ఎంత ఉండేదో తెలియాలి. దాన్ని చెప్పేదే హ్యాండిక్యాప్ ఇండెక్స్. 2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం అంతకుముందు వేర్వేరు దేశాల్లో నడిచిన ఆరు పద్ధతులను కలిపి ఒకటి చేసింది. భారతదేశంలో ఇది ఇండియన్ గోల్ఫ్ యూనియన్ పరిధిలో నడుస్తోంది.

ఇందులో నాలుగు మాటలు అర్థమైతే చాలు. పార్ అంటే ఒక హోల్‌ను (టీ నుంచి గుంత దాకా ఒక భాగాన్ని) గానీ, మొత్తం మైదానాన్ని గానీ ముగించడానికి నిర్దేశించిన స్ట్రోకుల, అంటే బంతిని కొట్టే దెబ్బల, సంఖ్య, సాధారణంగా పద్దెనిమిది హోళ్లకు 72 లేదా ఆ దరిదాపు. కోర్స్ రేటింగ్ అంటే సున్నా హ్యాండిక్యాప్ ఉన్న ఆటగాడు, అంటే స్క్రాచ్ ఆటగాడు, ఆ మైదానంలో ఎంత కొట్టవచ్చో చెప్పే అంచనా. స్లోప్ రేటింగ్ అంటే స్క్రాచ్ ఆటగాడితో పోలిస్తే మామూలు ఆటగాడికి అదే మైదానం ఎంత ఎక్కువ కష్టమో చెప్పే అంకె. ఇది 55 నుంచి 155 దాకా ఉంటుంది, ప్రామాణికంగా తీసుకునేది 113. ఒక రౌండులో వచ్చిన స్కోరును ఈ రెండు రేటింగులతో సరిచేస్తే వచ్చేది స్కోర్ డిఫరెన్షియల్. స్కోరులోంచి కోర్స్ రేటింగును తీసివేసి, 113ను స్లోప్‌తో భాగించగా వచ్చినదానితో గుణిస్తే అది వస్తుంది.

ఒక ఆటగాడి తాజా 20 రౌండ్ల డిఫరెన్షియల్స్‌లో అతి తక్కువైన 8 తీసుకుని సగటు కడితే వచ్చేది హ్యాండిక్యాప్ ఇండెక్స్. నా దృష్టిలో ఈ ఒక్క వాక్యంలోనే విరామం గురించిన గందరగోళం సగం ఉంది. ఇరవైలో మంచివి ఎనిమిది మాత్రమే లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇండెక్స్ అనేది ఆటగాడు మామూలుగా ఎలా ఆడతాడో చెప్పదు, బాగా ఆడిన రోజున ఎలా ఆడగలడో చెబుతుంది.

88, 91, 94: ఒక లెక్క

మామయ్య ఆడే మైదానం పార్ 72, కోర్స్ రేటింగ్ 71.0, స్లోప్ 125 అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలే, ఏ ప్రత్యేక మైదానానివీ కావు. ఏప్రిల్‌లో ఆపేనాటికి ఆయన ఇరవై రౌండ్లలో ఉత్తమమైన ఎనిమిది డిఫరెన్షియల్స్ ఇవి: 14.1, 14.6, 15.0, 15.3, 15.8, 16.2, 16.4, 16.6. మొత్తం 124.0. ఎనిమిదితో భాగిస్తే 15.5. అదే ఆయన ఇండెక్స్. మిగిలిన పన్నెండు రౌండ్ల సగటు 19.5 అనుకుందాం.

ఆ 15.5ను మళ్లీ ఈ మైదానం స్కోరుగా మారిస్తే సుమారు 88 వస్తుంది. మామయ్య మనసులో తన ఆట అంటే ఆ 88. కానీ ఇరవై రౌండ్లూ కలిపి సగటు కడితే డిఫరెన్షియల్ 17.9, అంటే స్కోరు సుమారు 91. విరామానికి ముందు కూడా ఆయన సగటున కొట్టినది 91 మాత్రమే.

ఇప్పుడు అక్టోబరులో మొదటి రౌండు 94 వచ్చింది. 94 లోంచి 71.0 తీసివేస్తే 23. దాన్ని 113/125తో గుణిస్తే డిఫరెన్షియల్ 20.8. "ఆరు స్ట్రోకులు పోయాయి" అని మామయ్య అనుకుంటారు, ఎందుకంటే 94ను 88తో పోలుస్తున్నారు. నిజానికి విరామం వల్ల పోయినది 94కూ 91కీ మధ్య ఉన్న మూడు స్ట్రోకులే. మిగిలిన మూడూ ఏప్రిల్‌లోనూ లేవు. మార్చిలో మామూలు ఆదివారం 91 కొట్టినప్పుడు "ఇవాళ కలిసిరాలేదు" అనుకున్న మనిషే, అక్టోబరులో 94 కొట్టగానే ఆట పోయిందనుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఆ మూడు స్ట్రోకులూ ఎక్కడికి పోయాయన్నది తరవాతి సంగతి.

శరీరం: బలం కంటే ముందు తిరగడం

కండర బలం మూడు, నాలుగు వారాల విరామానికి పెద్దగా తగ్గదు. ఆరు నెలలకు తగ్గుతుంది గానీ, గోల్ఫ్‌లో ముందుగా తెలిసివచ్చేది అది కాదు. స్వింగులో, అంటే క్లబ్ అనే కర్రను ఎత్తి బంతిని కొట్టే ఊపులో, శరీరం నడుము దగ్గర కాదు, నడుముకు కింద తుంటి కీళ్లలోనూ, పైన ఛాతీ వెనకాల ఉన్న వెన్నులోనూ తిరగాలి. నడుము భాగపు వెన్నుపూసలు అటూ ఇటూ తిరిగే కోణం చాలా తక్కువ, ఛాతీ భాగపు వెన్ను దానికంటే చాలా ఎక్కువగా తిరుగుతుంది. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో ముందుకు వంగి కూర్చునే ఉద్యోగంలో, వారానికి రెండుసార్లు ఆడే ఆట కూడా ఆగిపోయినప్పుడు, మొదట బిగుసుకునేవి ఆ తుంటి, ఆ ఛాతీ భాగమే. అవి తిరగని కోణాన్ని నడుము తిరిగి భర్తీ చేయబోతుంది. గోల్ఫ్ ఆడేవారిలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే బాధ నడుము కింది భాగంలోదే కావడానికి ఇది ఒక కారణం.

రెండోది స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పోగులు. కండరం కొన్ని వారాల్లో తేరుకుంటుంది, స్నాయువు అంతకంటే చాలా నెమ్మదిగా పని భారానికి అలవాటు పడుతుంది. అందువల్ల తిరిగి మొదలుపెట్టిన మూడో వారంలో బలం వచ్చిందనిపించే సమయానికి మోచేతి లోపలి వైపు నొప్పి పుట్టడం తరచు చూస్తాం. దానికి గోల్ఫర్స్ ఎల్బో అని పేరున్నా, మోచేతి బయటివైపు వచ్చే టెన్నిస్ ఎల్బో కూడా గోల్ఫ్ ఆడేవారికి తక్కువేమీ రాదు. అరచేతిలోని కాయలు కూడా మెత్తబడిపోతాయి కాబట్టి మొదటి రౌండులోనే బొబ్బలు వస్తాయి.

దూరం విషయానికి వస్తే లెక్క సులువు. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) తల వేగం గంటకు ఒక మైలు తగ్గితే బంతి దూరం సుమారు రెండున్నర గజాలు తగ్గుతుందని ఆటలో స్థిరపడిన ఒక మోటు లెక్క. మామయ్య వేగం 90 మైళ్ల నుంచి 86కు తగ్గిందనుకుంటే పది గజాలు పోయినట్టు. పది గజాలంటే గ్రీన్ మీదికి కొట్టే రెండో షాటుకు ఎనిమిదో ఐరన్ (లోహపు తల ఉన్న క్లబ్) బదులు ఇంకాస్త దూరం కొట్టే ఏడో ఐరన్ తీయడం. దానితోనే మూడు స్ట్రోకులు పోవు.

ఇక నడక. పద్దెనిమిది హోళ్లు నడిచి ఆడితే ఎనిమిది, పది కిలోమీటర్లవుతుంది. శ్వాస సామర్థ్యం కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది కాబట్టి, దాని ఫలితం చివరి నాలుగైదు హోళ్లలో కనపడుతుంది. స్వింగు, నడక వేర్వేరుగా తిరిగి వస్తాయనడానికి ఆట చరిత్రలో అందరికీ తెలిసిన సాక్ష్యం అమెరికా ఆటగాడు బెన్ హోగన్‌ది. 1949 ఫిబ్రవరిలో బస్సు ఢీకొన్న ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన హోగన్, 1950 జనవరిలో లాస్ ఏంజెలెస్ ఓపెన్‌లో ఆడి శామ్ స్నీడ్‌తో సమానంగా నిలిచి ప్లేఆఫ్‌లో ఓడారు. అదే ఏడాది జూన్‌లో మెరియన్‌లో అమెరికా ఓపెన్ గెలిచారు. బంతిని కొట్టే నేర్పు ఏడాదిలోపే తిరిగి వచ్చింది. కాళ్లు రాలేదు. అప్పట్లో ఆఖరి రోజున 36 హోళ్లు ఆడాల్సి ఉండేది, ఆ ఒక్కరోజు నడక ఆయనకు మిగతా పోటీ మొత్తం కంటే కష్టమైంది. ఆయన స్థాయితో మనకు పోలిక లేదు గానీ, ఏది ముందు తిరిగొచ్చింది, ఏది వెనకబడిందన్న వరస మాత్రం మామూలు ఆటగాళ్లలోనూ కనపడుతుంది.

చేతి అంచనా: ఈతా, సైకిలూ కాదు

ఈత, సైకిలు ఒకసారి వస్తే మరిచిపోమంటారు. అది నిజమే, కానీ గోల్ఫ్‌కు పూర్తిగా వర్తించదు. తొక్కుతూ ఉండడం, ఈదుతూ ఉండడం ఆగకుండా సాగే పనులు. తప్పు జరిగిన క్షణంలోనే శరీరం సరిచేసుకుంటుంది. ఇలాంటి నైపుణ్యాలు ఏళ్ల తరబడి నిలుస్తాయని, ఆది అంతం ఉన్న విడి కదలికలు అంతకంటే త్వరగా సడలుతాయని కదలికల అధ్యయనంలో చాలాకాలంగా చెబుతున్నారు. గోల్ఫ్ స్వింగు రెండో కోవకు చెందినది. క్లబ్ బంతిని తాకి ఉండే సమయం సెకనులో రెండువేలవ వంతు. అంతలో సరిచేసుకోవడానికి ఏమీ ఉండదు.

అయితే మరిచిపోవడం అంటే ఇక్కడ ఏమిటి? స్వింగు ఆకృతి పోదు. మామయ్య ఆరు నెలల తరవాత కొట్టే స్వింగును దూరం నుంచి చూసినవారు అది ఆయన స్వింగేనని గుర్తుపడతారు. పోయేది కొలత. క్లబ్ ముఖం తాకేటప్పుడు రెండు డిగ్రీలు తెరుచుకుని ఉంటే, 200 గజాల దూరంలో బంతి ఏడు గజాలు పక్కకు బయలుదేరుతుంది, గాల్లో తిరిగే వంపు దానికి అదనం. మార్చిలో ఆ ఏడు గజాలు ఫెయిర్‌వేలోనే ఉండేవి, ఇప్పుడు నాలుగు డిగ్రీలై పద్నాలుగు గజాలై రఫ్‌లో, అంటే పక్కనున్న పొడుగు గడ్డిలో, పడుతున్నాయి. ఐరన్ షాట్లలో క్లబ్ నేలను తాకే చోటు బంతికి అంగుళం వెనక పడితే చాలు, మట్టి ముందు లేచి బంతి సగం దూరమే పోతుంది.

ఈ కొలత అన్నిటికంటే ముందు చెడేది గ్రీన్ చుట్టూ. పూర్తి స్వింగుకు ఒక సహజమైన గరిష్ఠం ఉంది, శరీరం అక్కడికి వెళ్లి ఆగుతుంది. ఎత్తుగా లేపి కొట్టే ముప్పై గజాల పిచ్ షాటుకు, కొద్దిగా లేచి దొర్లే పది గజాల చిప్‌కు, గ్రీన్ మీద దొర్లించే నలభై అడుగుల పట్‌కు అలాంటి గరిష్ఠం లేదు. ఎంత కొట్టాలన్నది పూర్తిగా అనుభవం మీద ఆధారపడిన అంచనా. మామయ్య మూడు స్ట్రోకుల్లో రెండు ఇక్కడ పోయాయని నేనంటాను. ఒక చిప్ గ్రీన్ చేరక మళ్లీ కొట్టడం, ఒక పొడుగు పట్ ఆరడుగుల దూరంలో ఆగి మూడు పట్‌లు కావడం, దీన్ని కార్డు చూసి ఎవరూ గుర్తించరు. డ్రైవర్ షాటు రఫ్‌లోకి పోవడమే గుర్తుంటుంది.

దీనిలోనే మరో చిన్న పొర ఉంది. రౌండు మొదటి రెండు, మూడు హోళ్లలో కనపడి, ఆ తరవాత దానంతట అదే తొలగిపోయే తడబాటు. చాలాసేపు ఖాళీగా ఉన్నాక ఏ నైపుణ్యమైనా తొలి ప్రయత్నాల్లో తగ్గి, కాసేపట్లో తేరుకుంటుంది. కచేరీకి ముందు వీణ శ్రుతి చేసుకోవడం లాంటిదే ఇదీ. వాయిద్యం పాడైందని దానర్థం కాదు. మొదటి మూడు హోళ్లలో ఐదు స్ట్రోకులు ఎక్కువైన కార్డుకూ, పద్దెనిమిదింటా పరుచుకుని ఐదు ఎక్కువైన కార్డుకూ మొత్తం ఒకటే అయినా, అవి చెప్పే సంగతి వేరు.

మైదానం కూడా ఆరు నెలలు ఎదిగింది

చలి దేశాల్లో ఏప్రిల్‌లో తిరిగి వచ్చేవారు పలుచటి గడ్డి మీద, ఇంకా మేలుకోని గ్రీన్ల మీద ఆడతారు. హైదరాబాదులో అక్టోబరులో వచ్చేవారికి ఎదురయ్యేది నాలుగు నెలల వాన తాగి ఒత్తుగా పెరిగిన బెర్ముడా గడ్డి. ఫెయిర్‌వే మెత్తగా ఉంటుంది కాబట్టి బంతి పడ్డచోటే ఆగుతుంది. మార్చిలో గట్టి నేల మీద పడి ఇరవై గజాలు దొర్లిన బంతి ఇప్పుడు ఐదు గజాలు దొర్లితే, ఆ పదిహేను గజాలు మామయ్య భుజాల్లోంచి పోయినవి కావు. రఫ్‌లో గడ్డి క్లబ్ మెడను పట్టుకుని ముఖాన్ని మూసేస్తుంది.

తెల్లవారుజామున మొదటి గ్రీన్ మీద ఒక పట్‌ను దగ్గరగా చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. మంచుబిందువులతో గ్రీన్ వెండి పూత పూసినట్టుంటుంది. బంతి కదలగానే దాని వెనక ముదురు ఆకుపచ్చ గీత ఒకటి పడుతుంది, బంతి చుట్టూ చిన్న నీటి తుంపర లేస్తుంది, ముప్పై అడుగులకని కొట్టినది ఇరవై రెండు అడుగుల దగ్గర తడిసి ఆగుతుంది. ఎనిమిది గంటలకు ఎండ తగిలాక అదే గ్రీన్ మీద అదే పట్ హోల్‌ను చేరుతుంది. మధ్యలో చేతి అంచనా ఏమీ మారలేదు.

సామాను సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. మే నెల ఎండలో కారు డిక్కీలో ఉన్న బ్యాగులోంచి తీసిన తోలు గ్లవ్ అప్పడంలా బిగుసుకుని ఉంటుంది, క్లబ్ పట్టు రబ్బరు గట్టిపడి జారుతుంది. జారే పట్టును బిగించి పట్టుకుంటే ముంజేతులు బిగుసుకుంటాయి, క్లబ్ ముఖం ఆలస్యంగా మూసుకుంటుంది. ఆ పట్టు రబ్బరు, అంటే గ్రిప్, మార్చగానే పోయే ఈ తప్పును చాలామంది స్వింగులో వెతుకుతారు.

రేంజ్‌లో బకెట్లా, మైదానంలో రౌండ్లా

తిరిగి వచ్చినవారి మధ్య ఎప్పుడూ తెగని వాదం ఒకటుంది. ముందు డ్రైవింగ్ రేంజ్‌లో (ఒకేచోట నిలబడి బంతులు కొట్టి అభ్యాసం చేసే చోట) నాలుగు బకెట్ల బంతులు కొట్టి స్వింగు కుదుర్చుకున్నాకే మైదానంలోకి వెళ్లాలన్నది ఒక పక్షం. అభ్యాసం కూసువిద్య అన్న సామెత వారికి అండ. ఆడితేనే ఆట వస్తుంది గనక నేరుగా రౌండు ఆడడమే దారి అన్నది రెండో పక్షం.

మొదటి పక్షానికి బలమైన ఆధారం ఉంది. ఒకే షాటును వరసగా కొట్టినప్పుడు పొరపాటు ఎక్కడుందో త్వరగా తెలుస్తుంది, మెరుగు వెంటనే కనపడుతుంది, కొత్తగా నేర్చుకునేవారికి అది చాలా అవసరం. కానీ ఆ మెరుగు నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. 1979లో షే, మోర్గన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఇక్కడ తరచు ప్రస్తావనకు వస్తుంది. చేత్తో బంతి పట్టుకుని చిన్న అడ్డు పలకలను నిర్ణీత వరసలో పడగొట్టే మూడు కదలికలను కొందరికి ఒకదాని తరవాత ఒకటి పూర్తిచేస్తూ, మరికొందరికి కలగలిపి నేర్పారు. నేర్చుకునేటప్పుడు మొదటి జట్టు వేగంగా చేసింది. పది రోజుల తరవాత పరీక్షిస్తే కలగలిపి నేర్చుకున్నవారే మెరుగ్గా గుర్తుంచుకున్నారు. మైదానంలో ఆట స్వభావరీత్యా కలగలుపే. పట్‌లు తప్పిస్తే, ఒకే క్లబ్‌తో వరసగా రెండు షాట్లు కొట్టే అవసరం అరుదు. అయితే ఆ ప్రయోగం సులువైన చేతి కదలికలతో చేసినది, స్వింగు లాంటి సంక్లిష్టమైన పనికి అదే ఫలితం అంతే బలంగా వస్తుందని చెప్పలేం. పైగా మూలనున్న లోపమేదైనా సరిచేయాల్సి వస్తే, మైదానంలో స్కోరు ఆలోచిస్తూ సరిచేయడం కష్టమనే మాట కూడా కాదనలేనిది.

రేంజ్ గురించి ఎక్కువమంది గమనించని సంగతి ఒకటి చెప్పాలి. రబ్బరు చాప మీద కొట్టినప్పుడు క్లబ్ బంతికి అంగుళం వెనక తగిలినా, చాప మీద జారి బంతిని చేరుకుంటుంది, షాటు బాగానే లేస్తుంది. అదే తప్పు తడి ఫెయిర్‌వే మీద జరిగితే క్లబ్ నేలలో దిగిపోతుంది. విరామం తరవాత అన్నిటికంటే ముందు చెడే ఆ అంగుళాన్నే చాప దాచిపెడుతుంది.

విరామం మేలు చేస్తుందనేవారూ ఉన్నారు. పాత దురలవాటు మరపునపడి చేయి తేలికవుతుందని వారి అనుభవం. నొప్పితో ఆడుతూ వచ్చినవారి విషయంలో అది సహజమే, నొప్పిని తప్పించుకోవడానికి చేసుకున్న సర్దుబాట్లు నొప్పితోపాటే పోతాయి. కానీ ఏళ్ల తరబడి పాతుకున్న స్లైస్ (కుడిచేతివాటం ఆటగాడి బంతి కుడికి వంగిపోయే తప్పు) ఆరు నెలల్లో మాయమవుతుందని నమ్మడానికి నాకు కారణం కనపడదు. ఆకృతి నిలిచి, కొలత చెడుతుందన్నది నిజమైతే, తప్పు ఆకృతి కూడా నిలుస్తుంది.

ఇండెక్స్ ఎందుకు కదలదు

ఇక రెండో ప్రశ్న. హ్యాండిక్యాప్ ఇండెక్స్‌కు కాలం తెలియదు. అది రౌండ్లను లెక్కపెడుతుంది, నెలలను కాదు. క్లబ్ సభ్యత్వం నిలిచి ఉన్నంతకాలం, ఆరు నెలలు కాదు రెండేళ్లు ఆడకపోయినా మామయ్య ఇండెక్స్ 15.5గానే ఉంటుంది.

తిరిగి ఆడడం మొదలుపెట్టాక కూడా అది నెమ్మదిగానే కదులుతుంది. మామయ్య అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఐదు రౌండ్లు ఆడి, అన్నిటా డిఫరెన్షియల్ 20.8 దరిదాపుల్లోనే తెచ్చుకున్నారనుకుందాం. ఐదు కొత్తవి చేరితే పాతవి ఐదు జాబితాలోంచి జారిపోతాయి. జారిపోయిన ఐదింటిలో ఉత్తమమైన ఎనిమిదిలోని రెండు, అంటే 14.1, 15.0 ఉన్నాయనుకుంటే, వాటి స్థానంలోకి తరవాతి స్థానాల్లో ఉన్న 16.9, 17.1 వస్తాయి. కొత్త మొత్తం 128.9, సగటు 16.1. మూడు స్ట్రోకులు తగ్గిన ఆటకు అంకె మారినది 0.6 మాత్రమే. కొత్త రౌండ్లలో ఒక్కటి కూడా లెక్కలోకి రాలేదని గమనించాలి. మార్పంతా పాత మంచి రౌండ్లు జారిపోవడం వల్ల వచ్చినదే.

ఇంకా ఎక్కువ పెరగబోతే ఆపే ఏర్పాటూ ఉంది. ఇరవై రౌండ్లు పూర్తయిన ఆటగాడికి, తాజా స్కోరుకు ముందు 365 రోజుల్లో అతని అత్యల్ప ఇండెక్స్ ఏదో విధానం గుర్తుంచుకుంటుంది. కొత్త లెక్క దానికంటే 3.0కు మించి పెరిగితే, మించినదాంట్లో సగమే కలుపుతుంది. మామయ్య అత్యల్పం 15.5 అయి, కొత్త లెక్క 20.5 వస్తే, పెరిగిన 5.0లో మొదటి 3.0 పూర్తిగా, మిగిలిన 2.0లో సగం చేరి 19.5 అవుతుంది. ఏం చేసినా 5.0కు మించి, అంటే 20.5 దాటి పెరగదు. ఒక్క హోల్‌లో కుప్పకూలినా ఇండెక్స్ లెక్కకు హద్దుంది. హ్యాండిక్యాప్ వల్ల ఒక స్ట్రోకు మినహాయింపుగా లభించే పార్ 4 హోల్‌లో పది కొట్టినా నమోదయ్యేది ఏడే, ఎందుకంటే పార్ మీద రెండు, లభించే స్ట్రోకు ఒకటి, అంతవరకే లెక్క. మైదానం ఆ రోజు అందరికీ అసాధారణంగా కష్టంగా ఉంటే, తగినన్ని స్కోర్లు నమోదైన పక్షంలో, ఆ రోజు డిఫరెన్షియల్స్‌ను విధానం దానంతటదే సరిచేస్తుంది.

ఇది న్యాయమేనా అన్నదాని మీద అభిప్రాయాలు రెండు. విరామం నుంచి వచ్చిన ఆటగాడు తన ప్రస్తుత ఆటకు తగ్గ స్ట్రోకులు పొందక ప్రతి శనివారం పందెంలో ఓడిపోతాడని, కాలంతోపాటు ఇండెక్స్ కొంత సడలాలని కొందరంటారు. ఆ బాధ నిజమైనదే. అయితే అలా సడలించిన మరుక్షణం, పోటీకి ముందు కొన్ని నెలలు స్కోర్లు దాచుకుని ఇండెక్స్ పెంచుకునే దారి తెరుచుకుంటుంది. పైన చూసినట్టు విరామం తరవాతి తగ్గుదలలో చాలా భాగం వారాల్లో తిరిగి వచ్చేది, కాబట్టి సామర్థ్యాన్ని కొలిచే అంకె దానికి వెంటనే కదలకపోవడం సరైనదేనని నాకనిపిస్తుంది. పెద్ద శస్త్రచికిత్స లాంటి కారణంతో ఆట శాశ్వతంగా మారినవారి సంగతి వేరు. అంకె నిజమైన ఆటను చూపడం లేదనిపిస్తే సమీక్షించి మార్చే అధికారం క్లబ్ హ్యాండిక్యాప్ కమిటీకి ఉంది.

తుప్పు వదలని తొలి రౌండ్ల స్కోర్లు నమోదు చేయాలా అని కూడా అడుగుతారు. నిబంధనల ప్రకారం ఆడిన రౌండు ఏదైనా నమోదు చేయాల్సిందే, ప్రిఫర్డ్ లైస్ అమల్లో ఉన్న రౌండుతో సహా. మినహాయింపు ముఖ్యంగా చలి ప్రాంతాలకు. నవంబరు నుంచి మార్చి దాకా నేల ఆటకు తగినట్టు ఉండదు కాబట్టి, మిషిగన్ లాంటి చోట్ల ఆ నెలల్లో ఆడిన రౌండ్లను లెక్కలోకి తీసుకోరు. అయితే ఆ లెక్క చూసేది ఆటగాడు ఎక్కడివాడని కాదు, ఎక్కడ ఆడాడని.

"మామయ్యా, అక్కడ మాకు సీజన్ అయిపోయిందిగా, ఇక్కడిది ఎక్కించక్కర్లేదేమో" అని మేనల్లుడు డిసెంబరు పొద్దున మొదటి టీ దగ్గర అడిగితే, మామయ్య "ఆడుతున్నది గోల్కొండలోరా, ఎక్కించాల్సిందే" అనడమే సరైన జవాబు. అతని ఇండెక్స్ అక్టోబరు ఆఖరున ఎంతుందో ఇప్పుడూ అంతే, 15.6 అనుకుందాం. మన లెక్కలోని మైదానంలో అది 125/113తో గుణించి, కోర్స్ రేటింగుకూ పార్‌కూ ఉన్న తేడా ఒకటి తీసివేస్తే 16 స్ట్రోకుల కోర్స్ హ్యాండిక్యాప్, అంటే ఆ మైదానంలో అతనికి మినహాయింపుగా లభించే స్ట్రోకుల సంఖ్య, అవుతుంది. మామయ్య 16.1 అదే లెక్కన 17 అవుతుంది. ఇద్దరూ మ్యాచ్ ఆడితే మేనల్లుడు మామయ్యకు ఒక స్ట్రోకు ఇవ్వాలి, అది స్ట్రోక్ ఇండెక్స్ 1 ఉన్న హోల్‌లో, అంటే స్ట్రోకులు ఇచ్చే వరసలో మొదటిదైన హోల్‌లో, పడుతుంది. రెండు నెలలుగా క్లబ్ పట్టనిది మేనల్లుడు, ఐదు రౌండ్లు ఆడి చేయి సవరించుకున్నది మామయ్య అన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.